వంటగది వెనక చదివిన షబానా

చదవడంలో వెనకబడిన ఐదుగురు పిల్లలకు మా ఊరి బడిలో విడిగా పాఠం చెబుతాను. ఇవాళ తనిఖీకి అధికారి వచ్చారు.

"మాస్టారూ, మీ బ్యాచ్‌ని వంటగది వెనక్కి తీసుకుపోండి. ఆయన వీళ్లని చదవమన్నాడంటే మన పరువు పోద్ది" అన్నారు హెడ్‌మాస్టరు. సరేనని తీసుకెళ్లాను.

అక్కడ గోడ మీద మధ్యాహ్న భోజనం పట్టిక ఉంది. నాలుగో తరగతి షబానా వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, మొదటిసారి ఒక వరుస మొత్తం చదివింది. "మంగళవారం. పులిహోర, టమాటా పచ్చడి, గుడ్డు."

"ఆ సార్‌ని పిలవండి సార్, మళ్లీ చదువుతా" అంది.

నేను పరిగెత్తేసరికి అధికారి కారు గేటు దాటింది.

హెడ్‌మాస్టరు మీద కన్నా నా మీదే కోపంగా ఉంది. నా భార్య ఉంటే గుమ్మంలోనే నిలదీసేది. ఆమె పోయి ఏడాదైంది. మీరన్నా తిట్టండి.