డాలస్ నుంచి రాలీకి మూడు గంటలు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఎదుటి అపార్ట్‌మెంట్‌లో ఒక జంట ఉండేవారు. మా అమ్మాయి పుట్టినప్పుడు మా ఆయన ఊళ్ళో లేరు. నొప్పులు మొదలవగానే నన్ను హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది ఆ ఎదురింటాయనే. ఆయన భార్య నన్ను అక్కా అని పిలిచేది. తర్వాత ఉద్యోగం మారి వాళ్ళు రాలీ పక్కన క్యారీకి వెళ్ళిపోయారు. "ఎంతక్కా, ఫ్లైట్ ఎక్కితే మూడు గంటలు" అంది వెళ్ళేటప్పుడు. ఇక్కడ మనవాళ్ళం దూరాన్ని గంటల్లోనే చెప్పుకుంటాం. అలా చెప్పుకుంటే ఏ ఊరైనా పక్కవీధే.

ఈమధ్యే ఆయన గుండెపోటుతో పోయారు. ఫోన్‌లో ఆమె ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మర్నాడే బయల్దేరాలి. కానీ మర్నాటికి ఆ ఊరు వెయ్యి మైళ్ళ పైన ఉందని గుర్తొచ్చింది. "చాలా దూరం కదమ్మా, లీవ్ దొరకలేదు" అన్నాను. "పర్లేదక్కా" అంది.

లీవ్ మాట అబద్ధం. మరుసటి నెల అదే ఊళ్ళో మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం. వాడికి తోడబుట్టినవాళ్ళు లేరు, ఆడపడుచుగా పాలు పొంగించాల్సింది నేనే. టికెట్ ఎప్పుడో బుక్ చేసుకున్నాను. వెంటవెంటనే రెండుసార్లు ఏం వెళ్తాం, స్వామికార్యం స్వకార్యం కలిసొస్తాయిలే అనుకున్నాను. తెలివైనదాన్నని నాకు కొంచెం గర్వం కూడా.

పరామర్శకి వెళ్ళిన కాళ్ళతో శుభకార్యానికి వెళ్ళకూడదు. కాబట్టి పొద్దున పాలు పొంగించి, పూర్ణాలు తిని, సాయంత్రం పట్టుచీర మార్చుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమెకీ తమ్ముడికీ పరిచయం లేదనీ, ఎందుకొచ్చానో ఆమెకి తెలియదనీ నా ధీమా.

హాల్లో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఆమె లేచొచ్చి పట్టుకుంది. బాగా చిక్కిపోయింది. కళ్ళు తుడుచుకుని, పక్కనున్న పెద్దావిడతో, "మా ఇర్వింగ్ అక్క, ఆంటీ. డాలస్ నుంచి నాకోసం ఫ్లైట్‌లో వచ్చింది" అంది.

"అంత దూరం నుంచా! ఈ రోజుల్లో ఎవరొస్తారమ్మా అలా" అందావిడ. అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. సిగ్గుతో తల దించుకుంటే, దుఃఖంతో అనుకున్నారో ఏమో, ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అవి కూడా తాగాను. ఉన్నంతసేపూ ఆయన ఫొటో వైపు చూడలేకపోయాను.

చీకటి పడుతుంటే లేచాను. ఆమె నాతో కార్ దాకా వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు.

"గృహప్రవేశం బాగా జరిగిందా అక్కా?" అంది మెల్లగా.

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, అదే భరించలేకపోయాను.

"మాకూ పిలుపొచ్చింది. మీ తమ్ముడూ ఈయనా ఒకే ఆఫీస్. ఇప్పుడు నేనెలా వస్తాను..."

"నేను... నీకు చెప్పాలనే..." అన్నాను. అదీ అబద్ధమే.

"అందరి ముందూ ఎందుకులే అని అలా చెప్పాను" అంది. కార్ తలుపు తీసి పట్టుకుని, "నువ్వొస్తున్నావని మీ తమ్ముడు ఆఫీస్‌లో ఆయనకి అప్పుడే చెప్పాడక్కా. హోటల్‌కి పోనివ్వొద్దు, మనింట్లోనే దిగాలి, ఎయిర్‌పోర్ట్‌కి నేనే వెళ్తాను అని ఎన్నిసార్లు అన్నారో" అంది.