ఫాతిమక్క ఆర్పిన లైట్లు

“తిన్నావా యమ్మే?”

“తిన్నానక్కా. నువ్వు మాట్లాడద్దు, ఆయాసం వస్తాది.”

ఆసుపత్రిలో ఫాతిమక్కకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఈ పొద్దు అంగట్లో చేపల తొట్టికి ఉప్పునీళ్ళు కలపతా ఉంటే చేతులకు ఆ వాసన పట్టింది. అక్కే పక్కన నిలబడినట్టు అయింది. అందుకే మా చెల్లెలి కూతురు సుజాతను కూర్చోబెట్టుకోని ఇది రాయిస్తా ఉండాను.

తిరుపతిలో అక్కది రంగుచేపల అంగడి. మా ఆయన పోయినాక నేను ఇంట్లో ఒక మూల పట్టినాను. నోరు తెరిస్తే సాలు, “నీకేం తెలుసు, ఊరకుండు” అనేవాళ్ళు బంధువులు. సంతకం కూడా సరిగా రాని నన్ను అద్దాలు తుడిచే పనికి పిలిచింది ఫాతిమక్క. అప్పుడే ఆమె మద్రాసు నుంచి ఒక సముద్రపు చేపను తెప్పించింది. జానెడు దాటిన పొడుగు, పండుమిరప ఎరుపు, రూపాయి బిళ్ళలంత కండ్లు. పగడపు రాళ్ళ సందుల్లో బతికే జాతంట. వచ్చినప్పటి నుంచీ తొట్టిలో రాళ్ళ చాటున దూరి మేత ముట్టలేదు. అంగడి మూసినా తొట్ల లైట్లు రాత్రంతా వెలగతానే ఉండేవి. వేసిన రొయ్య ముక్కలు అడుగున కుళ్ళి నీళ్ళు చెడిపోయేవి. డొక్క లోపలికి పోయింది. “ఆశపడి తెచ్చి సంపుకుంటా ఉండానే” అని అక్క కండ్లు తుడుచుకునింది.

ఒకనాడు సందెవేళ కరెంటు పోయింది. అక్క కొవ్వొత్తికని బయటికి పోయింది. మసక చీకట్లో ఎర్రచేప మెల్లిగా రాళ్ళు వదిలి వచ్చి, అడుగున పడుండే ముక్కను గుటుక్కున మింగింది. కరెంటు రాగానే మళ్ళీ దూరిపోయింది. అక్క తిరిగి రాగానే చెప్పినాను.

“అక్కా, దానికి వెలుతురు పడదు. చీకట్లో తినింది.”

పక్కంగడి నాయుడు పకపకా నవ్వినాడు. “అద్దాలు తుడిచే ఆమె చేపల డాక్టరయిందే!”

అక్క నవ్వలేదు. “నువ్వు సూసినావా?” అనింది.

“సూసినానక్కా.”

అంతే, లేచి పోయి అంగడి లైట్లన్నీ ఆర్పేసింది. దీపాలు పెట్టే వేళ అంగడి చీకటి చేస్తే లక్ష్మి వాకిట్లోనే వెనక్కి తిరుగుతుందని మా బజారంతా నమ్ముతారు. బేరాలు జరిగేదీ ఆ వేళకే.

“ఏమక్కా, అంగడి ఎత్తేస్తా ఉండావా?” అని అరిచినాడు నాయుడు.

“మా పాపకు అన్నం పెడతా ఉండామప్పా, దిష్టి పెట్టద్దు!”

పటకారు నా చేతికే ఇచ్చింది. రొయ్య ముక్క నీళ్ళలో దించినాను. చాలాసేపటికి పటకారు కొసన ఒక గుంజు తగిలింది. ముక్క పోయింది. అక్క నన్ను వాటేసుకోని, “నీ కండ్లు దానికన్నా పెద్దవే!” అనింది.

ఆ పొద్దు నుంచి రోజూ సందెకు, చేప తినేదాకా మా అంగడి చీకటిగానే ఉండేది. చేప బతికింది. నేనూ మూల వదిలి వచ్చినాను. నా మాట నమ్మి లేచిన మనిషి ఆమె ఒకతే. ఇప్పుడు ఎవరేం చెప్పినా, నవ్వే ముందు ఒకసారి పోయి సూసొస్తాను. ఆమె నాకిచ్చి పోయింది అదే.

ఇంగ సాలు సుజాతా. మొదటి నుంచి చదివి వినిపించు. నేను చెప్పినట్టే ఉండాదో, నువ్వేమన్నా దిద్దినావో, వింటాను.