విజ్ఞాపనకు వదిలిన చోటు

“అక్కా, సారు లేడట గద. పొద్దుగాల పాణం పోయిందట” అని తమ్ముడు పట్నం నుంచి ఫోన్ చేశాడు. వెంటనే, “ఎంతైనా మన సాళ్ల సంగతి బయటపెట్టిన మనిషి. అయినా మట్టికైతే వస్త” అన్నాడు.

నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ గురించే ఇది రాస్తున్నాను.

సారు మా వీధిలో ఉండే రిటైరైన తెలుగు పంతులు. పెబ్బేరు దగ్గరి మా ఊళ్లో ఎవరికి దరఖాస్తు కావాలన్నా ఆయన అరుగు మీదికే పోయేవాళ్లు. బుగ్గన లవంగం పెట్టుకుని, కాగితం ఎడమ అంచు మడిచి, మనిషి చెప్పేదంతా విని రాసేవాడు. చివరి వాక్యంలో మాత్రం ఒక్క మాటకు చోటు వదిలేవాడు. ఆ మాట విజ్ఞాపన. అవతలి మనిషి రాసిందంతా చదివించుకుని, ఇంకేమీ దాచలేదని చెప్పాకే ఆ చోటు నింపేవాడు.

“మనవి రోజుకు పది జేస్తం. కూరల ఉప్పు తక్కువైందని గూడ జెయ్యొచ్చు. విజ్ఞాపనంటే తెలియజేసుడు. ఉన్నదంత ముందల వెట్టి, దాని మీద నిలవడి అడుగుడు” అనేవాడు. మా చర్చిలో ఆదివారం అందరి తరఫున విజ్ఞాపన ప్రార్థన చేసేది నేనే. “నీకు నేను జెప్పాల్నా బిడ్డా, వారం వారం జేస్తవు” అని నవ్వేవాడు.

ఒక ఏడు పల్లి పీకే వేళకు పక్క చేను పెద్దాయన మా బాటకు ముళ్లకంప కొట్టాడు. బండి పోయే దారి అదొక్కటే. నేల గట్టిపడితే కాయంతా మట్టిలోనే ఉండిపోతుంది. తాసీల్దారుకు దరఖాస్తు రాయమని సారు దగ్గరికి పోయాను. రాశాడు. చోటు వదిలాడు.

“నడుమ ఈ ఖాళీ ఏంది సారూ?”

“అంతా చెప్పినవా బిడ్డా?”

“చెప్పిన.”

ఆయన కలం మూత పెట్టేశాడు. “రేపు రా.”

ఇంట్లో తమ్ముడు కాగితం చూసి భగ్గుమన్నాడు. “రోజూ ఆ పెద్దాయనింట్ల చాయ్ తాగెటోడు మనకు రాస్తడా? ఆ ఖాళీల ఏం రాస్తడో ఎవలికెరుక? సంతకం పెట్టకు.”

నాకూ అదే అనిపించింది. ఆయన లవంగం వాసన కూడా ఆ రోజు నాకు నచ్చలేదు. మోకాళ్లూనాను గానీ ప్రార్థన సాగలేదు. సారుకు నేను చెప్పనిది ఒకటుంది. అంతకుముందు దున్నకాల్లో తమ్ముడు హద్దురాళ్లు జరిపి, పెద్దాయన చేనులో రెండు సాళ్ల నేల కలుపుకున్నాడు. నేను చూశాను. నోరెత్తలేదు.

మర్నాడు నా కాగితం తీసుకుని సరిగ్గా చాయ్ వేళకే పెద్దాయన ఇంటికి పోయాను, సారును పట్టుకుందామని. సారు అక్కడే ఉన్నాడు. ఒళ్లో కాగితం, అదే దస్తూరి.

“దొరికిండ్రు సారూ” అన్నాను.

“దొరికిన. కూసో” అని కాగితం నా చేతికిచ్చాడు. మేము నేల కలుపుకున్నామని, అక్కడ బాట అనేదే ఎన్నడూ లేదని పెద్దాయన చెప్పింది రాసి ఉంది. చివరి వాక్యంలో అదే ఖాళీ.

“ఇద్దరి తాన చెరొక మాట తక్కువుంది” అన్నాడు సారు. “ఈయన్ను రోజూ అడిగి అడిగి నాకు చాయ్ మీదనే పాణం విసిగింది.”

పెద్దాయన నేల చూశాడు. నేను కాగితం చూశాను. చివరికి నేనే అన్నాను: “రెండు సాళ్లు మావోడు కలిపిండు. నేను జూసిన.”

పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “బాట మా నాయిన నాటి నుంచి ఉన్నదే.”

తెల్లారి కంప పోయింది. రెండు రోజులకు హద్దురాళ్లు వెనక్కి జరిగాయి. పల్లి ఇల్లు చేరింది. దరఖాస్తులు ఆఫీసుకు పోనేలేదు; నాది సారు దగ్గరే ఉండిపోయింది.

సాళ్ల సంగతి సారే చెప్పాడని తమ్ముడు అనుకున్నాడు. నేను దిద్దలేదు. సారుకూ అది తెలుసు. తమ్ముడు నమస్తే పెట్టకుండా ఎదురుగా పోతుంటే, నా వైపోసారి చూసి, లవంగం ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చుకునేవాడు. ఒక్కనాడూ అడగలేదు. ఇన్నేళ్లూ ఆయన మీద అనుమానం ఉండనిచ్చి, ఆదివారం ఆదివారం అందరి కోసం విజ్ఞాపన చేశాను.

మట్టి అయిన మూడో నాడు సారు భార్య నన్ను పిలిచి పాత కాగితం ఇచ్చింది. “నీదేనట. పారెయ్యొద్దన్నడు.” మడిచిన అంచు అట్లాగే ఉంది. ఖాళీ కూడా.

తమ్ముడూ, సారు చెప్పలేదు. నేనే చెప్పిన.

నువ్వు ఇది చదివి ఫోన్ చేసేదాకా ఆ కాగితం నా ముందరే ఉంటుంది. పక్కన కలం, మూత తీసి పెట్టాను. చివరి వాక్యంలో ఆ చోటు బొటనవేలంత, ఇంకా తెల్లగానే ఉంది.