పది పాటలకొకసారి నాయన

కొత్త ఫోన్ కొన్న రోజు నేను చేసిన మొదటి పని, దాన్ని నాయన పాత కంప్యూటర్‌కు తగిలించడం. అంత తొందర దేనికని ఇప్పుడు నన్ను నేనే అడుగుతుంటాను. కొత్త వస్తువు చేతికొస్తే నేను ఆగలేను. అది నా గుణం.

నాయన పోయి అప్పటికి పదకొండు నెలలు దాటింది. సోమందేపల్లెలో హైవే పక్కన ఆయనకు చిన్న రేకుల షాపు ఉండేది. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే షాపు. ఎక్కువగా లారీ డ్రైవర్లే వచ్చేవాళ్లు. మగవాళ్లు కూర్చునే చోటని నన్ను అటు రానిచ్చేవాడు కాదు. షాపు ఎత్తేశాక కంప్యూటర్ ఇంటికి వచ్చి బియ్యం డ్రమ్ము పక్కన చేరింది. ఆన్ చేస్తే పిండి మిషన్ లాగా మోత. అది ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు కాబట్టి, లోపలున్న పాటలన్నీ నా ఫోన్‌లోకి తెచ్చుకుంటే భద్రంగా ఉంటాయనుకున్నాను. భద్రం కోసమే చేశాను, నిజంగా.

వైరు తగిలించగానే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. రెండు చోట్లా పాటలు ఎప్పుడూ ఒకేలా ఉంచమంటారా అని. ఒకేలా ఉంటే మంచిదే కదా అనుకుని అవునని నొక్కాను. రెండు గంటలు పట్టింది. పాటలన్నీ వచ్చేశాయి.

మర్నాడు జాకెట్లు కుడుతూ పాటలు పెట్టుకున్నాను. మంచి ఊపులో ఉండగా మధ్యలో గరగరమని ఒక చప్పుడు. వెంటనే తర్వాతి పాటకు దూకించాను. ఇంకాసేపటికి మళ్లీ అదే గరగర. చూస్తే ‘గాయకుడు తెలియదు’ అన్న చోట అలాంటి ముక్కలు యాభై దాకా ఉన్నాయి. ఒక్కోటి అర నిమిషం కూడా లేదు. పేర్లు కూడా లేవు, ఉత్త అంకెలు. చెత్త అనుకున్నాను. అన్నీ ఒకేసారి పట్టి తీసేశాను. ఆ సాయంత్రమే అమ్మ అడిగిన భజన పాటలు ఎక్కించడానికి ఫోన్‌ను మళ్లీ కంప్యూటర్‌కు తగిలించాను. నేను అవునన్న మాట అది మర్చిపోలేదు. ఫోన్‌లో లేనివి తన దగ్గర కూడా లేకుండా చేసుకుంది.

రెండు రోజుల తర్వాత అమ్మ శనక్కాయలు ఒలుస్తూ అడిగింది.

"ఏమే పాపా, మీ నాయన మాటలు గూడా ఆ ఫోన్లో ఎక్కినాయా?"

"ఏం మాటలు మా?"

"డ్రైవర్లకు మాట్లాడి పెడతాండె గదా, మైకు పట్టుకోని. నేను క్యారియర్ తీసకపోయినప్పుడంతా అదే పని. నీకు చెప్పలేదా? పది పాటలకొగసారి ఈయన మాట వస్తాది. నిద్రబోకుండా. ఒగ్గో డ్రైవరుకు ఒగ్గోటి. పేరు కొట్టేది రాదని లారీ నంబరు కొట్టి పెడతాండె."

నా చేతిలో కత్తెర గుడ్డ మధ్యలోనే ఆగిపోయింది. అంకెలు. గరగర. ఆ గరగర కంప్యూటర్ ఫ్యాన్‌ది. ఆయన మాట్లాడుతున్నప్పుడు పక్కనే తిరుగుతున్న ఫ్యాన్. ఇంకో రెండు సెకండ్లు ఆగుంటే నాయన గొంతు వినేదాన్ని.

"సంవత్సరీకం పది దినాలు ఉండాది," అంది అమ్మ, కాయల మీద నుంచి తల ఎత్తకుండానే. "ఆ పొద్దు ఇస్తరి పెట్టేటప్పుడు ఒగసారి ఆయప్ప గొంతు ఇంట్లో ఇనపడితే బాగుంటాది. అంతే."

నాయన వీడియో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. పెళ్లిళ్లలో వీడియో తీసేవాడి వెనకాల నిలబడే మనిషి ఆయన. నేను కడుపులో ఏదీ దాచుకోలేను. అప్పటికప్పుడే చెప్పేశాను. కంప్యూటర్ ముందు కూర్చుని, తీసేసినవి చేరే చెత్తబుట్ట అంతా వెతికాను కూడా. ఏమీ లేదు. అమ్మ లేచి కొంగు దులుపుకుంది.

"ఆయప్పను మొదట దేవుడు పంపిచ్చినాడు. మళ్లా నువ్వు పంపిచ్చినావు," అంది. తిట్టుంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

నాయన నోట్‌బుక్కు ట్రంకు పెట్టెలో దొరికింది. లారీ నంబర్లు, వాటి ఎదురుగా ఫోన్ నంబర్లు. కూర్చుని వరసగా ఫోన్లు చేశాను. సగం పనిచేయలేదు. ఒకాయన లారీ అమ్మేశాడు. ఒకాయన కార్డు మనవడు మింగాడన్నాడు, అది నిజమో ఎగతాళో నాకు తెలియలేదు. ఇంకొకాయన నాయన పోయాడని అప్పుడే విని ఏడ్చాడు, ఆయన్ని నేనే ఊరడించాల్సి వచ్చింది. ఆరోరోజు ఒకాయన దొరికాడు. టమోటా బండి తోలుతున్నాడు.

"ఉండాది పాపా. ఇప్పుడూ పాడతాండాది. ఆ కార్డు మాత్రం బయటికి తియ్యమంటే కుదరదు. తీస్తే మళ్లా పట్టదు, ప్లాస్టర్ ఏసి నిలబెట్టినా. మీరే రాండి. రేపు పదకొండుకు దాబా కాడ ఆపుతా."

అమ్మకు చెప్తే, "వస్తాడో రాడో," అంది. కానీ పొద్దున్నే తల దువ్వుకుని కూర్చుంది.

వచ్చాడు. నాయన వయసు మనిషి. టమోటా ట్రేలతో బండి నిండుగా ఉంది. దిగి అమ్మకు దండం పెట్టాడు.

"ఎక్కు వదినా. పాటను ముందరికి తోసే బటన్ పోయింది, మన చేతిలో లేదు. లెక్క పెట్టుకుంటా వచ్చినా. ఏడు అయిపోయినాయి. ఇంగ మూడు ఉండాయి."

"మూడు పాటలు ఇనల్లనా?" అంది అమ్మ.

"ఇనల్ల. నేనేం చేద్దును?"

అమ్మ లారీ ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, తలుపు ఒక చేత్తో పట్టుకుని ఎక్కింది. నేను పక్కన ఒదిగి కూర్చున్నాను. పాటలు వస్తున్నాయి. మొదటి రెండూ మంచి హుషారైన పాటలు, పెళ్లిలో మోగేవి. వాటి కింద మేం ముగ్గురం చావింట్లో మాదిరి కూర్చున్నాం. డ్రైవరన్న వెనక ట్రేల వైపు ఒకసారి చూశాడు, ఎండకు కాయ మెత్తబడుతుందని. పొమ్మని మాత్రం అనలేదు. మూడో పాట సగంలో నేను ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి స్పీకర్ దగ్గర పెట్టాను.

పాట అయిపోయింది. గరగర మొదలైంది.

"అన్నా, నేనే. పది పాటలు అయిపోయినాయి. గుత్తి దాటింటావు. కండ్లు మండుతాంటే బండి పక్కకు పెట్టు..."

నాయనే. డ్రైవరన్న పెదవులు ఆ మాటలతో పాటే కదులుతున్నాయి. ఇంతలో ఆ గొంతు వెనకాల, షాపు బయట నుంచి, ఒక ఆడ గొంతు:

"అన్నం చల్లారిపోతాండాది, రాకూడదా? ఎంతసేపూ ఆ మైకేనా?"

అది అమ్మ. అప్పటి అమ్మ. నా పక్కన కూర్చున్న అమ్మ ఒక్కసారిగా ముందుకు వంగి స్పీకర్ మీద అరిచింది.

"ఊరుకోవే! మాట్లాడనీ ఆయన్ని!"

"...మీ వదిన పిలుస్తాండాది. వస్తా అన్నా. నిదానం," అన్నాడు నాయన. మళ్లీ పాట మొదలైంది.

డ్రైవరన్న టవల్‌తో మొహం తుడుచుకున్నాడు.

"తొమ్మిదేండ్లు వదినా. ఈ దోవలో దినమూ నువ్వు నన్ను అన్నానికి పిలుస్తానే ఉండావు. పోయి తింటాండా."

అమ్మ నవ్వబోయింది. అది నవ్వు కాలేదు.

ఇంటికి వచ్చి విన్నాను. నేను పట్టిన రికార్డింగ్‌లో నాయన ఉన్నాడు, అప్పటి అమ్మ ఉంది, ఆమెను గదమాయిస్తున్న ఇప్పటి అమ్మ కూడా ఉంది. వెనకాల బండ్ల హారన్లు. అమ్మ అరుపు వచ్చిన చోట కత్తిరించొచ్చని ఎవరో చెప్పారు. నేను ముట్టుకోలేదు. ఒకసారి బాగు చేయబోయి చూశాను కదా. కంప్యూటర్‌కు కూడా తగిలించలేదు. పోయిన యాభై పోయినవే. అవి ఏం చెప్పేవో నాకెప్పటికీ తెలియదు.

సంవత్సరీకం రోజు అమ్మ ఫోటో ముందు విస్తరి వేసి అన్నం, ఉలవచారు, ఆయనకిష్టమైన చింతచిగురు పప్పు పెట్టింది. మా వాళ్లలో విస్తరి పెట్టాక అందరూ బయటికి వచ్చేస్తారు. తలుపు దగ్గరికి వేసి, పోయినవాళ్లు తిన్నదాకా ఆగి, అప్పుడు తీస్తారు. నేను ఫోన్‌ను విస్తరి పక్కన పెట్టి, నొక్కి, అందరి వెనకాల బయటికి వచ్చాను. అమ్మ తలుపు వేసింది.

ముందు పాట చివరి ముక్క వచ్చింది. చుట్టాల్లో ఎవరో మొహం చిట్లించారు. తర్వాత మూసిన తలుపు లోపల నుంచి నాయన మాట్లాడాడు. ఆ వెంటనే, లోపల ఎవరూ లేని ఇంట్లో నుంచి, అమ్మ గొంతు ఆయన్ని అన్నానికి పిలిచింది.

బయట అమ్మ గడప మీద కూర్చుని ఉంది. అంతా అయిపోయి లోపల నిశ్శబ్దమయ్యాక కూడా లేవలేదు. "తలుపు తియ్యి వదినా," అన్నారెవరో.

"ఉండండి," అంది. "ఇప్పుడే గదా వస్తానన్నాడు. తిననీ."