బావికి చేరని మందు

రోడ్డుకు రెండు పక్కలా తెల్లటి పొడితో గీసిన గీతలు కనిపిస్తే నేను ఇప్పటికీ ఇంకో దారిన పోతాను. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడంటే, ఊరు శుభ్రంగా ఉందని చూపించుకోవడానికి పోస్తారు వాటిని. అది బ్లీచింగ్ పౌడర్. బావుల్లో వేయాల్సిన మందు. దాన్ని తీసుకెళ్లి మట్టిలో గీతలు గీయాలన్న ఆలోచన మొదట ఏ బుర్రలో పుట్టిందో గానీ, ఆ బుర్రంటే నాకు రోత.

నేను పుట్టింది హిందూపురంలో. నర్సు పని నేర్చుకుని మొదట పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగాను. అక్కడ నాకు పని చూపించిన పెద్ద నర్సమ్మ ఒక అలవాటు చేసింది. వానలకు ముందే తాడుకు ముడులు వేసి ప్రతి బావి లోతూ కొలవాలి, ఏ బావికి ఎంత మందు పడుతుందో నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. నీళ్లు వచ్చి మీద పడ్డాక లెక్కలు వేసుకునే తీరిక ఉండదే పిల్లా, అనేది.

డెబ్బైల చివర్లో నన్ను ధర్మవరం వేశారు. ఊరి అంచున పల్లంలో ఉండే నేతగాళ్ల వీధి నాకు అప్పజెప్పారు. టీకాలు, కాన్పులు, జ్వరాలు అన్నీ నేనే. ఆ అలవాటు ప్రకారమే అక్కడి బావినీ కొలిచి, పుస్తకం పట్టుకుని మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లాను. వానలకు ముందే రెండు మూటల పౌడర్ తెప్పించండి సార్ అన్నాను. ఆయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు.

"మనకు కరువు వస్తాది గానీ వరద యాడ వస్తాదమ్మా? బావుల్లో నీళ్లే లేకపాయె, మందు దేంట్లో పోస్తావు?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లతో పాటు నేనూ కొంచెం నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మొహం నాకే చూడాలనిపించదు.

ఆ ఏడు కార్తీకంలో మూడు రోజులు విడవకుండా కొట్టింది వాన. చెరువు పొంగి పల్లం వీధిలోకి నీళ్లు వచ్చాయి. అక్కడ మగ్గాలు గుంటల్లో ఉంటాయి, నేసేవాళ్లు గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటారు. నీళ్లు రాగానే ఇంటింటా ముందు పట్టు పడుగును దూలాలకు కట్టారు, ఆ తర్వాతే ముసలివాళ్లను అరుగుల మీదికి ఎక్కించారు. వాన ఆగాక గుంటల్లో నిలిచిన మురుగునూ, తేలిన ఎలుకలనూ చేదలతో ఎత్తి వీధిలోకి విసిరారు. అది వీధి పొడుగునా జారి, చివర పల్లంలో ఉన్న ఒకే ఒక మంచినీళ్ల బావిలోకి దిగింది. ఎవరి గుంట వాళ్లు శుభ్రం చేసుకున్నామని సంబరం!

నేను ఇల్లిల్లూ తిరిగాను. నేను మందు వేసి, ఇక తాగండి అని చెప్పేదాకా ఈ బావి ముట్టొద్దన్నాను. మందు సరిగ్గా పడితే నీళ్లు ఘాటుగా వాసన వస్తాయి, అదే గుర్తు అని కూడా చెప్పాను.

నా మాట నిలబెట్టింది ఒక అవ్వ. తురకల అవ్వ, మొగుడు పోయి చాలా ఏళ్లయింది, కొడుకూ కోడలి దగ్గర ఉంటూ మగ్గాల ఇళ్లకు దారం కండెలు చుట్టి బతికేది. నేను ఆ వీధికి వెళ్లిన ప్రతిరోజూ పిలిచి చెంబుతో నీళ్లిచ్చేది. ఆమె కట్టె పట్టుకుని బావి గట్టు మీద కూర్చుంది. "నర్సమ్మ చెప్పేదాకా ఎవురూ చేద వేయాకండి" అని కసిరింది. రెండు రోజులు వీధి వీధంతా రైలు స్టేషన్ కొళాయి నుంచి బిందెలు మోసింది.

మూడో రోజు పొద్దున పౌడర్ వచ్చింది. ఒక్కటే మూట. దాని వెనకే కబురు, మధ్యాహ్నం ఒక పెద్దాయన నష్టం చూడడానికి వస్తున్నాడని. నేను వెళ్లేసరికి ఇన్‌స్పెక్టర్ దగ్గరుండి గీతలు గీయిస్తున్నాడు. మెయిన్ రోడ్డు నుంచి వీధి చివరిదాకా, రెండు వైపులా, తాడు పట్టి మరీ!

"సార్, బావికో?" అన్నాను.

"ముందు రోడ్డమ్మా. ఆయన వచ్చి బావిలోకి తొంగి చూస్తాడా?"

అరిచాను. ఎక్కువ మాట్లాడితే మడకశిర అవతలికి బదిలీ చేయిస్తానన్నాడు. వెనక్కి తగ్గాను. మూట అడుగున నాలుగు పిడికిళ్లు మిగిలాయి. నా పుస్తకం ప్రకారం ఆ బావికి బక్కెట్టు నిండా కావాలి. ఆ నాలుగు పిడికిళ్లే కలిపి పోశాను. బావి శుద్ధి చేయడమైనదని ఆయన రిజిస్టర్‌లో రాశాడు, కింద నేను సంతకం పెట్టాను.

పెద్దాయన వచ్చాడు. గీతల మధ్య బూట్లకు బురద అంటకుండా నడిచి బావి దగ్గర ఆగాడు. నీళ్లు బాగున్నాయా అని అడిగాడు. వీధంతా అవ్వ వైపు చూసింది. అవ్వ నా వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ కూడా నన్నే చూస్తున్నాడు.

"మందు వేశాం సార్, తాగొచ్చు" అన్నాను.

ఆయన కారులో తెచ్చుకున్న ఫ్లాస్కు తీసి తన నీళ్లు తాను తాగాడు. అవ్వ మాత్రం కట్టె పక్కన పెట్టి, మొదటి చేద తానే తోడి, అందరూ చూస్తుండగా దోసిలి పట్టి తాగింది.

కార్లు పోయాక చేట, చీపురు పట్టుకుని ఆ గీతల్ని ఊడ్చుకుందామని వెళ్లాను. టైర్ల కింద నలిగి, పేడలో కలిసిపోయి ఉంది నా మందు. ఒక్క పిడికెడు కూడా ఏరలేకపోయాను.

రెండు రోజులకు వీధిలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. చాలామంది ఉప్పు చక్కెర నీళ్లతోనే తేరుకున్నారు. అవ్వ తేరుకోలేదు. జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"వాసన రాలేదమ్మా. నువ్వు చెప్తివని తాగితి" అంది.

సెలైన్ సీసా సగం కూడా దిగలేదు.

ఆ తర్వాత మూటలకు మూటలు పౌడర్ వచ్చింది. పుస్తకంలో రాసుకున్న కొలత ప్రకారం బావిలో పోశాను, కళ్లు మండేంత ఘాటు వచ్చింది. అయినా ఒక్కరూ చేద ముట్టలేదు. చివరికి అవ్వ కోడలు ముందుకొచ్చి నీళ్లు తోడి, గ్లాసు నింపి నాకు చాచింది.

"ముందు నువ్వు తాగు నర్సమ్మా."

ఎనభైల్లో నాకు బదిలీ అయ్యేదాకా, ఆ బావిలో మందు వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ గ్లాసు పట్టుకుని నిలబడేవాళ్లు. నేను తాగేదాన్ని, వాళ్లు నా మొహం చూసేవాళ్లు. నన్నెందుకు తాగమంటున్నారని నేను ఒక్కసారి కూడా అడగలేదు.