ముదురుది వద్దన్నాడు రైతు

మా ఇంట్లో పండుగ కూర నా భార్య చేయదు. పన్నెండేళ్లు దాటింది. మొదట మా అమ్మ చేసేది, అమ్మకు చేతకానప్పటి నుంచి మా అక్క వచ్చి చేస్తోంది. నా భార్య ఉల్లిగడ్డలు కోస్తుంది, మసాలా నూరుతుంది, గిన్నెలు తోముతుంది. బిజినేపల్లిలో పుట్టింట్లో ఉన్నప్పుడు ఏ శుభకార్యమైనా కూర దగ్గరికి ఆమెనే పిలిచేవారట. మా దగ్గర మాత్రం 'ఆమెకు కూర కుదరదు' అన్న మాట స్థిరపడిపోయింది. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించినవాణ్ణి నేనే.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ఆ మాట పుట్టిన ఏడు, దసరాకు వనపర్తి నుంచి అక్కాబావలు వస్తామన్నారు. బావ అంతకు ముందు ఏదో విందులో టర్కీ కోడి తిన్నాడట, ఫోన్ చేసినప్పుడల్లా దాని ముచ్చటే.

"మీ గద్వాలల గసుంటివి యాడ దొరుకుతయ్ బామ్మర్దీ! మీకు దారం తెలుసు గని కోడి ఏం తెలుసు?" అన్నాడొకసారి.

నాకు పౌరుషం వచ్చింది. ఈ పండుగకు టర్కీ కోడే అన్నాను. అమ్మ గునిసింది. "దసరా నాడు యాటకూర లేకుంట, గా పాముమెడ పక్షేందిరా?"

ఆత్మకూరు దగ్గర ఒక రైతు ఆ కోళ్లు పెంచుతున్నాడని విని ముందురోజు బస్సెక్కాను. రేకుల కొట్టం ముందు రెండు కోళ్లు కట్టేసి ఉన్నాయి. ఒకటి నల్లగా, ఎండలో రాగి మెరుపు మెరుస్తూ, నా తొడ దాకా ఉంది. రెండోది దానిలో సగం. బూడిద రంగు.

"ఎంతమంది తింటరన్నా?" అన్నాడు రైతు.

"పది మందిమి."

"అయితే గీ లేతది సాలు. ముదురుది కొంచవోకు, పరేషాన్ అయితవ్."

నేను రంగుల మధ్య పెరిగినవాణ్ణి. ముదురు ఎరుపు, లేత పసుపు, ముదురు నీలం, రోజూ మగ్గం దగ్గర ఇవే మాటలు. రైతు కోడి వయసు చెబుతుంటే నేను ఈకల రంగు విన్నాను. నల్లదాన్ని ఇంకెవరికో దాచుకుంటున్నాడేమో అనుకున్నాను కూడా.

"మా ఇంట్ల ముదురుదే ఇష్టపడ్తరు," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నీ ఇష్టమన్నా. పొద్దుగాల్నే పొయ్యి మీదికి ఎక్కియ్యి మరి."

ఎందుకని నేను అడగలేదు. గంపలోంచి అది తల బయటికి పెట్టి బస్సంతా చూస్తుంటే కండక్టర్ "దీనికి టికెట్ కొట్టాల్నా, నీ చుట్టమేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పండుగనాడు తొమ్మిదింటికల్లా కోసి, పసుపు రాసి కాల్చి, ముక్కలు కొట్టాం. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలో సగమే పట్టింది. పక్కింటి గిన్నె తెచ్చి ఇంకో పొయ్యి పెట్టాం. కాళ్లు కడిగేటప్పుడు నా భార్య ఒక కాలిని పట్టుకుని, వెనక ఉండే ముల్లును బొటనవేలితో తడిమి, నా వైపు చూసింది.

"ఇచ్చినాయన ఏమన్న చెప్పిండా?"

"ఏం చెప్పలే," అన్నాను.

పన్నెండయినా ఉడకలేదు. ముక్క మెత్తబడుతుందని పచ్చి బొప్పాయి ముక్కలు వేసింది. కొబ్బరి చిప్ప వేసింది. చిన్న కుక్కర్లో కొన్ని కొన్ని ముక్కలు పెట్టి విజిళ్లు లెక్కపెట్టడం మానేసింది. నీళ్లు పోస్తే ఇగిరేవి, మళ్లీ పోసేది. ముక్క మాత్రం పంటికి తెగేది కాదు. నేను కట్టెలు ఎగదోయడం, పొగకు కళ్లు తుడుచుకోవడం తప్ప చేయగలిగింది లేదు. లోపల బావ మూడోసారి చేతులు కడుక్కున్నాడు.

మూడింటికి విస్తళ్లు వేయక తప్పలేదు. బావ ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, తీసి విస్తరి అంచున పెట్టాడు.

"ఏం బామ్మర్దీ, ముదురుది తెచ్చినవా?"

రైతు ఏమన్నాడో నాకప్పుడు అర్థమైంది. 'ముదురంటే రంగనుకున్న బావా' అంటే ఇల్లంతా నవ్వేది, అంతటితో పోయేది. ఆ నవ్వుకు భయపడ్డాను.

"లేతదే తెచ్చిన బావా. ఉడకలే, అంతే."

అందరి కళ్లూ గంటె పట్టుకుని నిలబడ్డ నా భార్య మీదికి మళ్లాయి.

"కోడి ఉడకవెట్టనీకె గూడ రాకపాయె," అంది అమ్మ.

"ఊకో అమ్మా. వచ్చే యేడు నేనొచ్చి చేస్త," అంది అక్క.

సాయంత్రం జమ్మికి వెళ్లొచ్చి, ఆకు నా భార్య చేతిలో పెట్టాను. మాలో ఆ ఆకును బంగారమని ఇచ్చి, మనసులో ఏమున్నా అక్కడితో వదిలేయాలి. ఆమె ఆకు తీసుకుంది.

"ముల్లు ఏలంత ఉండె, లేతదానికి గంత ఉండదు. గప్పుడే తెలిసింది నాకు," అంది.

"మరి అందరి ముందట చెప్పకపోయినవ్?"

"నువ్వు చెప్తవని చూసిన."

ప్రతి దసరాకూ చెబుదామనుకున్నాను. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూ పన్నెండు జమ్మిలు దాటిపోయాయి.

పోయిన దసరాకు చెప్పాను. అక్కాబావల ముందే, అమ్మ మంచం పక్కన కూర్చుని. "అమ్మా, గా టర్కీ కోడి ముదురుది. తెల్వక నేనే తెచ్చిన, తెలిసినంక అబద్ధమాడిన. వండినామె తప్పేం లేదు."

అమ్మకు ఈమధ్య మతిమరుపు. "ఏ కోడిరా?" అంది.

పాముమెడ పక్షి అన్నాను. రెండు గిన్నెలు, రెండు పొయ్యిలు అన్నాను. ఎంత చెప్పినా ఆమె ముఖంలో ఏదీ కదల్లేదు. బావ నవ్వాడు. "ఎప్పటి ముచ్చట బామ్మర్దీ! ఇప్పుడెవరికి యాదికున్నది?"

అంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. అక్క నా పక్కనే ఉండిపోవడంతో నా భార్య లేచి వెళ్లి గిన్నెలో గంటె పెట్టింది. తలుపులోంచి అది చూసి అమ్మ ఉలిక్కిపడి మోచేతి మీద లేచింది.

"ఏయ్, ఆమెను ముట్టనియ్యకుండ్రి! ఆమెకు కూర కుదరది."

నా భార్య మంట తగ్గించింది. గంటె అక్క చేతికిచ్చి వచ్చి, పీట మీద కూర్చుని, సగంలో ఆపిన ఉల్లిగడ్డ మళ్లీ చేతిలోకి తీసుకుంది.