రెండోసారి గుండె తెరిచినప్పుడు

సహోదరీ సహోదరులారా, స్వస్థత పొందానని ఇదే సంఘంలో ఒకసారి సాక్ష్యం చెప్పి, మళ్లీ అదే గుండెజబ్బుతో ఆసుపత్రిపాలైనదాన్ని నేను. మాదన్నపేటలో బ్లౌజులు కుడతాను, మా ఆయన కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్తారు. నా గుండెలో వాల్వు పాడైతే, డాక్టర్లు గుండె చుట్టూ ఉండే పొరలోంచే కొంత తీసి దాన్ని బాగు చేశారు. మళ్లీ మెట్లెక్కాను, మిషను తొక్కాను, మీ ముందు నిలబడి పాట కూడా పాడాను.

ఏడాది తిరగకముందే జ్వరం పట్టుకుంది, ఎన్ని మందులు వాడినా తగ్గలేదు, పడుకుంటే ఊపిరాడక గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. బాగు చేసిన వాల్వుకే ఇన్ఫెక్షన్ సోకిందని, రక్తం వెనక్కి కారుతోందని, మళ్లీ ఛాతీ తెరవాలని, పాత గాటు కింద అంతా అతుక్కుపోయి ఉంటుంది గనక ఈసారి ప్రమాదం ఎక్కువని చెప్పారు.

చావుభయం కన్నా నాకు సిగ్గే ఎక్కువైంది. దేవుడు బాగు చేశాడని చెప్పిన నా నోరే అబద్ధమాడినట్టయిందని కుమిలిపోయాను, చూడ్డానికి వస్తామన్న మిమ్మల్ని రావద్దన్నాను, ప్రార్థనకు కళ్లు మూస్తే ఏడుపు తప్ప మాట వచ్చేది కాదు. మా అత్తమ్మ మాత్రం ఏమీ అడక్కుండా రోజూ నా తల దువ్వి జడ వేసేది. దేవుడు నన్ను విడిచిపెట్టాడేమో అని ఒకరోజు ఆమెతో అన్నాను.

"మళ్ల మంచం పట్టినవని నేను నిన్ను ఇడిసిపెట్టిన్నా బిడ్డా? మరి ఆయనెట్ల ఇడిసిపెడ్తడు" అంది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర, సంఘంలో ఏనాడూ పైకి ప్రార్థించని మా ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టారు.

"ప్రభువా, నాకు ప్రార్థన చేసుడు రాదు. ఈమెకు మస్తు భయమైతుంది. లోపలికి నన్ను రానియ్యరు. నువ్వు పో."

ఎన్నో రోజుల తర్వాత నా నోట ఆమేన్ అనే మాట వచ్చింది.

పాతది తీసేసి కృత్రిమ వాల్వు పెట్టారు. రక్తం ఆగక అదేరోజు మళ్లీ లోపలికి తీసుకెళ్లారట, అదంతా తర్వాత అత్తమ్మ చెప్పింది. కళ్లు తెరిచేసరికి గొంతులో గొట్టం ఉంది, మాట్లాడలేకపోయాను గానీ మనసులో శాంతి, సమాధానం ఉన్నాయి, దేవునికే మహిమ!

ఇప్పుడు రోజూ రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి, పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఈ వాల్వు ఎన్నటికీ పాడవదని నేను చెప్పను, పాడైనా దేవుడు నా చెయ్యి వదలడని చెబుతాను. ఒకసారి బాగై మళ్లీ పడిపోయి, ముఖం చూపించలేక ఇంట్లో కూర్చున్నవారు మీకు తెలిసి ఉంటే, ఆయన దగ్గరికి రావడానికి ముందు బాగుపడనక్కర్లేదని చెప్పండి. వచ్చే ఆదివారం తీసుకురండి, నా పక్కన కూర్చోబెట్టండి.